సైడు

సిరొంచలో మా సడవలి డ్రైవరుకు
వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే ముక్క.
క్లీనరుగ చేరిన్నాడు నాకూ అదే నేర్పిండు:
"బాడీ మీద అరచేత్తో కొట్టు, గట్టిగ అను, సైడూ..."
ఎడ్లబండ్లు తప్పుకునేటివి, మేకలు తప్పుకునేటివి.

ప్రాణహిత దాటితే పెండ్లాం పుట్టిల్లు, తెలంగాణ సైడు.
రేషన్ కార్డు ఇవతల.
తలాఠీ మరాఠీలో అడిగితే
"మాది ఈ సైడే సాబ్" అనేటోడు.
అవతల పెండ్లిళ్లకు పోయినా అదే మాట.

మొన్న ఎండాకాలం కుడి సైడు పడిపోయింది.
ఇరవై టన్నుల టేకును మలుపు తిప్పిన చెయ్యి
మంచంపట్టె మీద ఊరికె ఉన్నది.
మాటలన్నీ పోయినయి,
నోట్ల ఇరికి మిగిలింది అదొక్కటే.

"సైడ్" అంటడు.
బానక్క నీళ్లు తాగిస్తది.
"సైడ్."
ఒత్తిగిలి పండబెడ్తది.
"సైడ్."
కిటికీ తీస్తది, రోడ్డు కనబడేటట్టు.

నాకన్నీ ఒక్కతీరే వినబడ్డయి.
"నీకెట్ల తెలుస్తది వదినె?"
"హారన్ లెక్కనే. ఏమడుగుతున్నదో వింటె ఎరుక కాదా?"

లేచి వస్తుంటే మళ్లా అన్నడు.
గడపల ఆగిపోయిన.
బానక్క నవ్వింది:
"అది నీకే. అడ్డమున్నవ్, గాలి రానియ్యి."