గుండు పప్పు

రెండింటికి గుంటడు పాలకి లేస్తాడు.
పలాస యార్డులో గూడ్సు
కదిలీ కదలక మూలుగుతుంటుంది.

కళ్ళు తెరవకుండానే రొమ్ము అందుకుంటాడు.
కింది చిగురు మీద రెండు పళ్ళు,
మొన్న మంగళవారం ఒకటి, నిన్న ఒకటి.
అప్పుడే కొరకడం నేర్చాడు.

పగలంతా నేను జీడిపప్పు ఏరతాను.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క,
మచ్చ పడ్డది ఇంకో గంపలోకి.
నా కంట పడని మచ్చ లేదంటాడు మేస్త్రి.

మా పెద్దది మోక్షిత పంటి మీది మచ్చ మాత్రం
నా కంట పడలేదు.
బెల్లంనీళ్ళ సీసా నోట్లో ఉండగానే నిద్దరపోయేది.
"పాలపళ్ళే గదేటే, ఊడిపోయేవే" అనీది మా అత్త.
అవి ఊడేదాకా ఏడ్చింది పిల్ల,
ఒక దవడతోనే అన్నం నములుతూ.

అందుకే వీడు తాగి వదిలేశాక
పాత పంచె ముక్క గోరువెచ్చటి నీళ్ళలో తడిపి
వేలికి చుట్టుకుంటాను.
జీడిసొన తిన్న వేలు,
ఎంత తోమినా నలుపు వదలనిది.
గుడ్డ రెండు మడతలు ఎక్కువే వేస్తాను.

నిద్దట్లోనే మూతి ముడుస్తాడు.
చటుక్కున కొరుకుతాడు.

సెల్లు వెలుగులో వంగి చూస్తాను.
మచ్చ లేదు.
రెండూ గుండే.