పల్టన్ లెక్క

నల్లగొండల సైనిక సంక్షేమ ఆఫీసు.
నా కుర్చీకి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక.
ముంగట ఒక కాయితం,
చెమటకు తడిసి, ఎండి, మళ్ల తడిసి
మడతల కాడ జల్లెడైన కాయితం.

పల్టన్ చరిత్ర అందుల పదకొండు వరుసలు.
సికింద్రాబాద్‌ల నిలబెట్టిన్రు. ఆరు నెలలు కవాతు.
రైలు, ఓడ, మళ్ల రైలు.
ఇంఫాల్ తోవల కాపలా,
పేరు లేని వాగు మీద వంతెన,
పేరున్న గుట్ట మీద రెండు రాత్రులు.
వెనక్కి. ముంగటికి. మళ్ల వెనక్కి.
రంగూన్ దాకా పోయినంక పల్టన్ రద్దు.
ఆఖరి వరుస ఎర్ర సిరాతోని:
తూటా తగిలి పోయినోళ్లు నలభై ఒక్కరు,
రోగమొచ్చి పోయినోళ్లు నూట పద్దెనిమిది.

రెండుసార్లు చదివిన.
మొదటిసారి గుమస్తా లెక్క,
రెండోసారి నాలుక ఎండుకపోయి.

ఎదురుంగ గంగులమ్మ.
మర్రిగూడ అవతల వడ్డెర గుడిసెల నుంచి
రెండు బస్సులు మారి వచ్చింది.
"మా ఆయన పల్లపు ఈదయ్య.
తుపాకి ఇచ్చిన్రు గని ఎక్కువ తవ్వుడేనంట సారూ.
ఈడ బాయిలు తవ్వినట్టే ఆడ మోర్చాలు.
మోర్చాల నీళ్లు పడితె తిట్టేటోళ్లంట,
ఈడ నీళ్లు పడితె కోడిని కోసేటోళ్లం."

ఈదయ్యకు తూటా తగలలే.
ఇంటికొచ్చి ఊరి నడుమ బాయి తవ్విండు,
ముప్పై ఏండ్లు ఆ నీళ్లే తాగిండు.
సావధాన్ అంటె గోడ లెక్క నిలబడ్డ మనిషి
పాడె మీద తిన్నగ పండలేదంట,
మోకాళ్లు ముడుచుకొనే పోయిండంట.
గాయాలు అన్న గడిల
'లేవు' అని రాసిన.

పేరు. నంబరు. హోదా.
పెండ్లి తారీఖు?
ఆమె కిటికీ దిక్కు చూసింది.
"ఏ పెండ్లి సారూ?"

మొదటి మొగడు దండుగల సాయిలు.
ఇద్దరు ఒక్కనాడే చండూరు అంగట్ల పేర్లిచ్చిన్రు,
ఒక్క బీడీ ఇద్దరు తాగుకుంట.
సాయిలుకు ఓడల మొదలైంది రక్తం పోవుడు,
ఆ పేరు లేని వాగు కాడ ఆగింది.
గుంత ఈదయ్యనే తవ్విండంట.
మోర్చా కొలతకే తవ్విండంట,
చెయ్యికి ఇంకో కొలత రాక.

యుద్ధమైనంక, సొట్టలువోయిన సాయిలు పళ్లెం
చంకల పెట్టుకొని గుడిసె ముంగట నిలబడ్డడు.
ఏం చెప్పలే. పళ్లెం కింద పెట్టిండు.
మూడు నెలలు దినాం వచ్చి అదే జాగల కూసున్నడు.
నాలుగో నెల కులపోళ్లు కల్లు పోసి
మారుమనువు జేసిన్రు.

"గా నూట పద్దెనిమిదిల సాయిలు పేరున్నదా?"
పేర్లుండవమ్మా, అంకెనే.
"మరి నూట పదిహేడు గాదని ఎట్ల నమ్మాలె?"

నా కాడ జవాబు లేకుండె.
పెన్సిలుతోని అంకె పక్కన
పెద్దసారుకు కానరానంత చిన్నగ
'సా' అని రాసిన.
చదువు రాని మనిషి, వంగి చూసింది.
"మెలిక మంచిగ తిరిగింది" అన్నది.
వేలిముద్ర వేసి, సిరా వేలు బల్ల అంచుకు తుడిచి,
బస్సు తప్పుతదని లేచింది.

ఆర్నెల్లకు ఫైలు హైదరాబాదు నుంచి తిరిగొచ్చింది,
పెండ్లి తారీఖు గడి నింపి పంపుమని.
ఎవరో రబ్బరుతోని 'సా' తుడిచిన్రు.
వెలుతురుకు పట్టి చూసిన:
అంకె పక్కన
కాయితం పలుచగుంది.