ట్విన్ షేరింగ్

కౌలాలంపూర్ విమానం రేపు తెల్లారికి జరిగిందట.
టూర్ మేనేజరు సంపత్ పసుపు జెండా పైకెత్తి
మమ్మల్ని చెన్నై ఎయిర్‌పోర్టులోంచి బయటికి తోలుకొచ్చాడు.
ముప్ఫై నాలుగు తలలు.
రెండుసార్లు లెక్కపెట్టి రెండుసార్లూ తప్పాడు.
నేను చెప్పలేదు.
ముప్ఫై ఒక్క ఏళ్లు రేపల్లె డిపోలో తలలు లెక్కపెట్టినవాణ్ణి,
ఇప్పుడు ఇంకొకరి లెక్కలో తలని.
ఎలా ఉంటుందో చూద్దామని ఊరుకున్నాను.

తిరుసూలం కొండకి ఎదురుగా, జీఎస్టీ రోడ్డు వెనక సందులో హోటలు.
కాగితంలో మూడు నక్షత్రాలన్నారు.
బోర్డు మీద రెండు వెలుగుతున్నాయి,
మూడోది వెలగాలా వద్దా అని ఆలోచిస్తోంది.
కాగితంలో నీలంగా ఉన్న ఈతకొలను
ఇక్కడ ఒట్టి గొయ్యి, గొయ్యి నిండా ప్లాస్టిక్ కుర్చీలు.
"తణ్ణి ఇల్లె సార్" అన్నాడు కౌంటరు కుర్రాడు,
కొలను గురించో, మా కుళాయిల గురించో.

మెకానిక్ సుబ్బదాసు భార్య సూట్‌కేసు మీదే కూలబడి
విదేశమంటే ఇదేనా అంది.
ఎవరూ నవ్వలేదు.
మనిషికి లక్షా పన్నెండు వేలు, గ్రాట్యుటీలోంచి తీసినవి.

తర్వాత తాళాలు పంచారు.
రెండొందల ఏడు:
నేనూ, మన్నవ భుజంగరావు గారూ.

చెకింగ్ ఇన్‌స్పెక్టరు భుజంగరావు.
తొంభై నాలుగు శ్రావణంలో, పెళ్లిళ్ల రద్దీలో,
భట్టిప్రోలు దాటాక కాలవ మలుపు దగ్గర బస్సాపి
నా సంచి బోర్లించి చిల్లర లెక్కపెట్టినవాడు.
రెండు రూపాయల డెబ్భై పైసలు తేడా.
నలభై రోజుల సస్పెన్షను, ఒక ఇంక్రిమెంటు కోత.
ఆ నలభై రోజులూ మా ఆవిడ
నాకు కామెర్లని పక్కింటివాళ్లకి చెప్పింది.
పథ్యానికని వాళ్లు రోజూ చెంబుడు మజ్జిగ పంపేవాళ్లు.
తాగాను.

గదిలో ఒక్కటే మంచం. ఒక్కటే దుప్పటి.
కిటికీ తెరిస్తే చెయ్యి చాచేంత దూరంలో గోడ.
గోడ మీద ఎవరో తమిళంలో ఏదో రాసి, రాసింది కొట్టేశారు.
ఏసీ నీళ్లు కారుస్తోంది.
ఆయనే బాత్రూంలోంచి బకెట్టు తెచ్చి కింద పెట్టారు.
టప్. కాసేపాగి, టప్.
ఇద్దరం వెల్లకిలా పడుకుని అదే వింటున్నాం.
నెత్తి మీంచి విమానాలు వెళ్తున్నాయి,
మావి కానివి, టైముకే.

"సువర్ణరాజూ" అన్నారు చీకట్లో.
నన్ను పేరు పెట్టి పిలవటం అదే మొదలు,
అప్పట్లో బ్యాడ్జి నంబరే.
"ఆ రోజు లెక్క నేనే తప్పానేమో."

ఏమో.
చిరిగిన నోటుని వెలుతురుకి ఎత్తి చూసినట్టు
ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాను.
చెల్లుతుందో లేదో తేలలేదు.
అలాంటి నోట్లని సంచి అడుగుకి తోసేవాళ్లం,
రద్దీలో ఎవరికో ఒకరికి అంటగట్టొచ్చని.
"దుప్పటి మీరు కప్పుకోండి" అన్నాను.
"నువ్వు కప్పుకో."
ఎవరం కప్పుకోలేదు.
అది మా మధ్యన మూడో మనిషిలా పడుకుంది.

నాలుగింటికి బస్సు.
సంపత్ తలలు లెక్కపెట్టి "అందరూ వచ్చేశారు, పోనీ" అన్నాడు.
ముప్ఫై మూడు.
ఎవరు తక్కువో వెనక్కి తిరక్కుండానే తెలుసు.
పళ్ల సెట్టు కోసం పైన మంచం కిందా పక్కనా వెతుకుతుంటారు.
గ్లాసులో వేసి, ఆ గ్లాసుని కర్టెను వెనక పెట్టటం
రాత్రి నేను చూశాను.
బస్సు కదిలింది. గేటు దాటింది.
కాలవ లేదుగానీ, మలుపొకటి వచ్చింది.

రెండు రూపాయల డెబ్భై పైసలంత సేపు
ఊరుకున్నాను.

ఆ తర్వాత నా చెయ్యే, నన్నడక్కుండా,
బస్సు రేకుని దబదబా బాదింది.
"హోల్డాన్!"

డ్రైవరుకి తెలుగు రాదు.
బ్రేకు మాత్రం వేశాడు.