దక్షిణపు హద్దు

మా పాలగెడ్డ కచేరీకి రెండు తలుపులు.
ముందుది రైతులకి, వెనకది తెలిసినవాళ్లకి.
ఆ రెండిటి నడుమ అరుగు మీద
ముప్పయ్యొక్కేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను.
తూర్పున గెడ్డ, పడమర జీడితోట,
ఉత్తరాన బండిదారి.
దక్షిణం... దక్షిణం ఎప్పుడూ తగాదాయే.

ఇది కచేరీగా పుట్టలేదు.
జర్మను పాదిరి కట్టించుకున్న బంగళా.
పెంకు తిరగేస్తే వాళ్ల ఊరి పేరు.
గుమ్మం మీద ఏదో వాక్యం ఉండేది,
ఏటా సున్నం వేసీ వేసీ
ఎండ ఏటవాలుగా పడితే తప్ప
అక్షరాలు తేలవు.
పద్నాలుగులో యుద్ధమొచ్చి
పాదిరిని బండెక్కించారు.
కుర్చీలు లెక్కపెట్టి, పాడావుని లెక్కపెట్టి
శత్రువు ఆస్తి అని రాసుకుని
తాలూకా బల్ల లోపలికి జరిపారు.
ప్రార్థన చేసిన గదిలో శిస్తు.
తరవాత తాలూకా పోయి మండలమొచ్చింది,
మండలం మెయిన్‌రోడ్డుకి పోయింది.
రిజిస్ట్రారూ, నేనూ, గబ్బిలాలూ మిగిలాం.

మొన్న ఆషాఢంలో ఆటో దిగిందొకావిడ.
మోకాలికి పట్టీ, చేతిలో ప్లాస్టిక్ సంచి. పేరు కార్లా.
తవిటయ్య మనవరాలు సుగుణ మాట మార్చి చెప్పింది:
పాదిరి ఈవిడకి ముత్తాత.
యుద్ధమయ్యాక సొంతూళ్లో తిండి లేక
అమెరికా పోయాడట, మొక్కజొన్న చేల మధ్యకి.

"పెద్ద ఊరా?" అన్నాను.
"చిన్నదే. కానీ కోర్టు మాదే."
ఆ 'కానీ' నాకు తెలుసు.
మా నాన్న అదే గొంతుతో అనీవోడు:
"రాజాంలో యాపారం ఉంటే ఉందిగానొరే, తాలూకా మనది."

ఫోనులో చూపించింది:
ఊరి నడిబొడ్డున కోర్టు, పైన నాలుగు మొహాల గడియారం.
ఒక మొహం అయిదు నిమిషాలు వెనక,
అటువైపు కొట్లవాళ్లు కలుపుకుంటారట.
సగం కొట్లు మూతే.
రొట్టెల దుకాణం బోర్డు పాత లిపిలో ఉంది,
చదవగలిగినవాళ్లు లేరు.
"ఏడాదికో రోజు అందరం జర్మన్లమే,
బాజాలు, తాగుడు. మర్నాడు ఎవరమూ కాదు."
రెండో యుద్ధంలో ఆ భాష ఇంట్లో గుసగుసయ్యిందట,
తరవాత అదీ మానేశారట.

ఆవిడకి కావలసింది ఒక్క కాగితం నకలు.
చెదలు తిన్న వాల్యూములో మధ్యాహ్నానికి దొరికింది.
దక్షిణం: దొరగారి పిల్ల సమాధి.

ఇప్పుడక్కడ లారీ బాడీల షెడ్డు.
వెల్డింగు కుర్రాడు ముసుగు తీసి
ఎందుకో తెలీకుండానే టైరు పక్కకి దొర్లించాడు.
ఆవిడ ఆ నూనె మరక ముందు నిలబడింది
వాన చినుకు పడేదాకా.

సాయంత్రం ఆటో ఎక్కుతూ
సుగుణ తల నిమిరి ఏదో అంది.
నా చేతిలో కలం ఆగిపోయింది.

మా నాన్నమ్మ సన్నెమ్మ
చిన్నప్పుడీ బంగళాలో పిల్లనాడించేది.
దీపం గూట్లో పెట్టి, వత్తి తగ్గించి
రోజూ మాతో అనేది:
"తొంగోరా గుంటడా, గూటెనాట."
గూట్లో దీపానికి చెప్తోందనుకునేవాళ్లం.
గూటిలో పిట్టకేమో అనేది మా చెల్లి.

"గూటెనాట" అన్నాను ఆటో ఊచ పట్టుకుని.
కార్లా మళ్లీ అనమంది. మళ్లీ అన్నాను.
కాదు, గొంతులోంచి రావాలి అని
రెండుసార్లు అనిపించింది, నవ్వలేదు.
"మా ఇంట్లో ఇంతే" అన్నాను.

నకలంటే ఉన్నది ఉన్నట్టు రాయాలి,
కొట్టివేతలుంటే కొట్టివేతలతో సహా.
సన్నెమ్మ తీసిన నకలులో
అక్షరాలు రాలిపోయాయి.
ఏ పిల్లని నిద్రపుచ్చుతూ నేర్చుకుందో
ఎప్పుడూ చెప్పలేదు.

ఆటో మలుపు తిరిగింది.
లోపల్నించి గుమస్తా కేక:
"లేఖరి గారూ, జీడితోట పార్టీ వచ్చింది,
హద్దులు చదవండి."
తూర్పు నించి మొదలెట్టాను.