చేతి మాట

రువైస్‌లో నా పని చెయ్యెత్తడం.
పిడికిలి బిగిస్తే
పద్దెనిమిది టన్నుల ఇనుము గాలిలో ఆగిపోతుంది.
వేలు పైకెత్తి తిప్పితే లేస్తుంది.
నేలకేసి తిప్పితే
పొదిగే కోడి గుడ్ల మీదికి దిగినట్టు దిగుతుంది.

పైన క్యాబిన్లో గుల్ జమాన్‌కి
బరువు కనపడదు. ట్యాంకు అడ్డం.
నేను కనపడతాను, నేనంటే
నా పసుపుపచ్చ గ్లౌజు.
తొమ్మిదేళ్లలో ఒక్కసారీ ఎందుకని అడగలేదతను.
నా మీద ఫోర్‌మన్, అతని మీద ఇంజినీరు,
ఆయన మీద నేనెప్పుడూ చూడని ఒక సంతకం.
ఒకరి మాట కింద నిలబడ్డవాడి మాటే
చెల్లుతుందని
పేటలో పాస్టరమ్మ చెప్పిన పూట నేను కునుకు తీశాను.
ఇక్కడ ఎండ మళ్ళీ చెప్పింది.

ప్రభువా, నేనే గనక ఆ క్యాబిన్లో కూర్చుంటే
నీ చెయ్యి లేచాక కూడా
ముందు బరువు చూపించమంటాను.
చెల్లెలికి రెండుసార్లూ కడుపు ఎందుకు నిలవలేదు,
ఏజెంటు చెప్పిన జీతంలో సగం ఎటు పోయింది,
అవన్నీ తేలేదాకా లివర్ తొయ్యనంటాను.

రెండు నెలల తర్వాత మొన్న శుక్రవారం
ముసఫా చర్చికి పోయే బస్సులో సీటు దొరికింది.
బల్ల ఉన్న వారం.
తెల్లచొక్కా రాత్రే పరుపు కింద పెట్టి మడత నిలబెట్టాను.
మూడున్నరకి
కింది మంచం మీద రామ్‌ధనీ మూలిగాడు.
ఛప్రా వాడు, వచ్చి నెల కాలేదు,
జకర్యా అనడం రాక జక్రీ భాయ్ అంటాడు.
దుప్పటంతా తడి. వాసన.
ముఖం గోడకేసి పెట్టుకుని
లేవొద్దు, లైటెయ్యొద్దు అన్నాడు.

బస్సు మూడుసార్లు హారన్ కొట్టింది.
ఏ స్వరమూ వినపడలేదు. ఉన్నమాట చెప్తున్నాను,
ఏ వెలుగూ రాలేదు.
ఎక్కడో ఎవరో పిడికిలి బిగించినట్టు
నా కాళ్ళు మాత్రం ఆగాయి.

బకెట్టు, డెట్టాల్, నా పాత లుంగీ.
కాళ్ళు కడుగుతుంటే
సేఫ్టీ బూట్లు కొరికిన మడమలు, పచ్చిగా.
ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు
చెంచాడు చెంచాడు.
మాఫ్ కరో, మాఫ్ కరో అని వాడంటుంటే
నాకు కోపమొచ్చింది,
మంచం మీద మడత చెడకుండా కూర్చున్న
ఆ చొక్కాని చూసి.

మధ్యాహ్నం కుబ్బూస్ తుంచి
టీలో ముంచి పెట్టాను.
అరచేతిలోంచి తిన్నాడు.
బల్ల దగ్గరికి నేను పోలేదు.
బల్లే నా దగ్గరికి వచ్చిందని అనను,
అంత పెద్ద మాట నాకు అరువు దొరకదు.
రొట్టె విరిచాను. అంతవరకే తెలుసు.

శనివారం ఆరింటికి
గుల్ జమాన్ అద్దంలోంచి కిందికి వంగి చూశాడు.
చెయ్యెత్తాను.
గ్లౌజు లోపల ఇంకా డెట్టాల్ వాసన.
ట్యాంకు వెనకాల
అతనికి కనపడని బరువు
మెల్లగా నేల వదిలింది.