గోడ వెనక పడ్డ చీటీ

మంగళవారం రాత్రి ఏడింటికి
బయట పెన్సిల్వేనియా అంతా మంచు.
ఎమరీ కొవాల్చిక్ ఇంటి నేలమాళిగలో మాత్రం
ఎప్పుడూ ఏప్రిలే,
ఎప్పుడూ పొద్దున్న ఆరే.

లోపలికి రావాలంటే వంగాలి,
బల్ల కింద నుంచి, మోకాళ్ల మీద,
ఎంతటి మొనగాడైనా.
నెత్తి బొప్పి కట్టకుండా లేచినవాడికి
ఒక పాత టోపీ, ఒక ఇంజను, నాలుగు చీటీలు.

గోడ గడియారం ఇక్కడ
నిమిషానికి ఆరు నిమిషాలు పరిగెడుతుంది.
వాటర్ హీటర్ చుట్టూ కొండ కట్టారు.
పక్క గదిలో వెర్నా బట్టల మిషన్ వేసిందంటే
యార్డులో భూకంపం.
లాగ్ పుస్తకంలో ‘కొండచరియ విరిగిపడింది’ అని ఉంటే
పట్టాల మీద పిల్లి పడుకుందని.

చెట్లన్నీ వెర్నా చేతివే:
పెరట్లో ఎండిన పూలకాడలు, జుట్టుకి కొట్టే స్ప్రే,
పచ్చరంగు వేసిన స్పాంజి పొట్టు.
మట్టి ఏమిటంటే
తాగేసిన కాఫీ పిప్పి, ఆరబెట్టి, జల్లించి.
తేమ పట్టిన రోజున
ఈ పల్లెలన్నీ అప్పుడే నిద్రలేచినట్టుంటాయి.

నేను స్కూలు బస్సు నడుపుతాను.
పగలు అరవైమంది పిల్లలు,
రాత్రి నాకు ఇచ్చింది లోకల్ గూడ్సు.
ఓర్విల్ ష్రైబర్ నడిపేవాడట దాన్ని.
అతను పోయాక రెండేళ్లు
టోపీ మేకుకే వేలాడింది.
నాకు కొంచెం వదులు.

పని సులువే. పెట్టెకో చీటీ,
చీటీలో సరుకు, చేరాల్సిన ఊరు.
చీటీ లేని పెట్టెని కదపకూడదు.
ఎమరీ రాజ్యాంగంలో ఉన్నది ఆ ఒక్క అధికరణమే.

కూపర్స్ గ్యాప్ పక్క లైనులో
ఎర్ర పెట్టె ఒకటి, ఐదేళ్లుగా అక్కడే.
దుమ్ము ఎంత పేరుకుందంటే
దాని రంగే బూడిద అనుకున్నాను.
"చీటీ లేదు," అనేవాడు డెల్మర్,
అనాథ గురించి చెప్పినట్టు.

ఆ రాత్రి కప్లింగు విప్పే పుల్ల
నా చేతి నుంచి జారింది.
చెక్కపట్టీ వెనక వేళ్లు దూర్చి తడిమితే
పుల్ల వచ్చింది, దానితో ఒక చీటీ వచ్చింది.
పెన్సిల్ రాత, కుడికి వాలి:
‘4417. విత్తన బంగాళాదుంపలు.
కొవాల్చిక్ పొలానికి. వెంటనే.’
వెంటనే కింద రెండు గీతలు.

ఎమరీ కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదివాడు.
మళ్లీ చదివాడు.
మూల మడతని బొటనవేలితో సరిచేశాడు.
"ఈపాటికి మొలకలొచ్చేసుంటాయి," అన్నాడు డెల్మర్.
నవ్వాం. నవ్వు తొందరగా అయిపోయింది.

"చీటీ ఉందిగా," అన్నాడు ఎమరీ. "కదపండి."

చక్రాలు కీచుమన్నాయి.
రెండో వంతెన మీద పట్టాలు తప్పింది,
చిటికెన వేలితో ఎక్కించాను.
మా దుంపల కోసం
చికాగో ఎక్స్‌ప్రెస్‌ని సిగ్నల్ దగ్గర నిలబెట్టారు.
ఆ లైను పుట్టాక అలా జరగలేదట.

పొలం అంటే గోడ మూలన
రెండరచేతుల కాఫీ మట్టి, బోడిగా.
వసంతం రాగానే పూర్తిచేస్తానని
ఓర్విల్ వదిలిన చోటు.

పెట్టె నిలిపి లాగ్‌లో రాశాను: సరుకు చేరింది.
‘ఆలస్యం ఎంత’ అనే గడి దగ్గర ఆగాను.
"మన గడియారం ప్రకారమా,
గోడ గడియారం ప్రకారమా?" అన్నాడు డెల్మర్.
ఆ గడి ఖాళీగానే ఉంది.

పై మంగళవారం
వంగి, లేచి, టోపీ అందుకుని చూద్దును కదా,
ఆ మట్టిలో చాళ్లు.
దువ్వెన పళ్లతో గీసినట్టు, కాస్త వంకరగా.
చాలు వెంట గుండుసూది తలంత పచ్చ,
పక్కన ఇంకో పచ్చ.

వెర్నాని అడుగుదామనుకునేలోపు
బట్టల బుట్ట నడుముకి ఆనించి మెట్లు దిగుతూ
తనే అరిచింది:
"మిషన్ వేస్తున్నా, రైళ్లు పట్టుకోండి!"