ఖాళీ బండి బరువు

చీమకుర్తిలో రాత్రంతా లారీలు తూచి
పొద్దున ఆరింటికి మెట్లెక్కుతాను,
కింద డ్రిల్లు బిట్ల కొట్టు, పైన జిమ్ము.
చెప్పులు విప్పి బూట్లు వేసుకునేటప్పటికి
కళ్ళల్లో ఇంకా హెడ్‌లైట్లు.

ఎలిప్టికల్ అంట దాని పేరు.
నేను కోడిగుడ్డు మిషను అంటాను,
పాదం గీసే దారి ఆ ఆకారమే కదా.
అడుగు పైకి లేవదు, నేల తగలదు,
మోకాళ్ళు కిక్కురుమనవు.
డాక్టరమ్మ రాసిచ్చిన మందు అదే, రోజుకు అరగంట.

మొదటిరోజు కదలని పిడి పట్టుకుని తొక్కా.
ఇరవై నిమిషాలు. వీపంతా తడి.
మిషను అద్దంలో రెండు కిలోమీటర్ల పైచిలుకు.
చేతి పట్టీలో పదకొండు అడుగులు.
పదకొండు!
అవి కూడా నీళ్ళ సీసా కోసం నడిచినవి.

సుభానీ నవ్వాడు.
"చెయ్యి ఊగితేనే అది అడుగంటుందక్కా,
కాలి సంగతి దానికెట్టా తెలుస్తుంది?"

అదే పట్టీ, అంతకుముందు రాత్రి
కాటా దగ్గర నిలబడ్డచోటే నిలబడి
రా, రా, ఇంకొంచెం, ఆపు అని
నలభై లారీలకు చెయ్యి ఊపితే
పన్నెండొందలు రాసింది నా ఖాతాలో.
చెమట పట్టిన లెక్క లేదు,
పట్టని లెక్క ఉంది.
ఇట్టాంటి కాటాలు నేను చూశా.
వాటి మీద మేడలు కట్టిన ఆసాముల్నీ చూశా.

పంతొమ్మిదేళ్ళుగా తూకమే నా పని.
డ్రైవరు దిగకుండా బండి తూగితే చెబుతా,
టైరుకంటిన బురద ఎంతుందో చెబుతా,
సీలు తెగిన కాటాని వాసన పడతా.
నా మణికట్టు మీదే దొంగ కాటానా?

మర్నాడు కదిలే పిడి పట్టుకున్నా.
ముందు గాజులు తీసి సంచిలో వేశా.
అవి జారి జారి పట్టీని తోసేస్తుంటే
దాని కడుపులోని పచ్చ దీపం
నా చర్మాన్ని వదిలి గాలి నాడి చూస్తోంది.
ఎముకకు రెండు వేళ్ళు పైకి జరిపి,
ఊగనంత బిగించి, నొక్కనంత వదిలి,
నడక బొమ్మ కాదు, కోడిగుడ్డు బొమ్మే నొక్కి
నోటితో వంద లెక్కపెట్టా.
పట్టీ తొంభై నాలుగంది.
మళ్ళీ వంద. తొంభై ఆరు.
చేతులు వదులుగా పెట్టి ఇంకో వంద. ఎనభై ఒకటి.

ఒకరోజు కాలికి కట్టా, పట్టీ పక్కన పట్టీ.
అడుగులు నూటికి నూరు,
గుండె మాత్రం ముప్పై తొమ్మిది.
సుభానీ హడలిపోయి స్టూలు తెచ్చాడు.

కేలరీల దగ్గర రెంటికీ పోట్లాట.
మిషను మూడొందల పది అంటుంది,
పట్టీ రెండొందల ఇరవై.
మిషను నా వయసు అడగలేదు, ఎత్తు అడగలేదు,
ఎవరో ఆరడుగుల మగమనిషిని ఎక్కించుకున్నాననుకుంటోంది.
సరే, పట్టీ మాటే.
అందులోనూ ఊరికే కుర్చీలో కూర్చున్నా
అరగంటకు కరిగే ముప్పై కలిసే ఉంది.
నిండు బండిలోంచి ఖాళీ బండిని తీసెయ్యకుండా
రాయి బరువు ఎవరన్నా రాస్తారా?
నా పుస్తకంలో నూట తొంభై అని రాశా.
కింద గీత. పక్కన సంతకం, తన్నీరు మాలకొండమ్మ.

నిన్న రాత్రి రెండున్నర. రోడ్డు మీద లారీ లేదు.
కాటా పలక మధ్యలో నేనే నిలబడ్డా.
ఎనభై టన్నుల కాటా అది,
ఇరవై కేజీలు దానికి పైసాతో సమానం,
అంతకన్నా చిల్లర దానికి తెలీదు.
మూడు నెలల్నుంచీ నన్ను ఎనభై అనే అంటోంది.
కిటికీ అద్దం వెనక ఎర్ర అంకెలు:
ఎనభై.
అరవై.
ఎనభై.
ఊపిరి బిగబట్టా. ఆగలేదు.
అరవై. ఎనభై.
ఏ డెబ్బై దగ్గరో ఉన్నట్టున్నా,
దానికి ఎటూ తేలనిచోట.

రామతీర్థం వైపు నుంచి లైట్లు కనబడ్డాయి.
పలక దిగా.
పట్టీ విప్పి జేబులో వేసుకుని
అప్పుడు చెయ్యి ఊపా,
రా, రా,
ఇంకొంచెం.